కంకర సంచీ

స్టేషను ఆఫీసు ప్యూను సైకిలు బెల్లు కొట్టుకుంటూ మథురాకాఠి క్వార్టర్ల లైన్లోకి వచ్చేసరికి భవాని గుమ్మంలో కూర్చుని మట్టిముంతలో టీ తాగుతోంది. పెళ్ళై ఖరగ్‌పూర్ వచ్చి రెండు నెలలు దాటినా ఆ మట్టిముంత మోజు ఆమెకింకా తీరలేదు. టీ తాగెయ్యడం, ముంతని గోడవతలకి విసిరెయ్యడం, అది ఫట్‌మని పగిలే చప్పుడు వినడం! విజయనగరంలో బి.ఏ. దాకా చదివింది కానీ, లోకంలో ఇలాంటి సుఖం ఒకటుందని ఏ పుస్తకంలోనూ రాసి లేదు. ఆవేళ శనివారం, వర్క్‌షాపు ఒంటిపూట. మొగుడు జగ్గారావు బనీనుతో పక్కనే కూర్చుని, ఆమె ఎప్పుడు విసురుతుందా, ఎప్పుడు నవ్వుదామా అని చూస్తున్నాడు.

“చిలకమ్మ ఆయా కౌన్?” అన్నాడు ప్యూను.

చిలకమ్మ లోపల్నుంచి వచ్చింది. స్టేషన్లో ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో ఆయా. పొద్దుటి డ్యూటీ దిగి వచ్చి, రెండు మోకాళ్ళకీ వేడి ఉప్పు మూటలు కట్టుకుని కూర్చున్న మనిషి, ఆ మూటలతోనే తలుపు పట్టుకుని, గోడ పట్టుకుని వచ్చి, ప్యూను చాపిన పుస్తకంలో బొటనవేలు అద్దింది. కవరు కోడలికిచ్చింది. ఆ లైన్లో ఇంగ్లీషు ఉత్తరం ఎవరికొచ్చినా చదివేది భవానీయే. చదువుతోందంటే చాలు, నలుగురు మూగేవారు. ఎదురింటి జోగమ్మ చేట పట్టుకునే వచ్చేసింది. జోగమ్మ మొగుడు ఎర్రయ్య తన వరండాలో మంచం మీంచే మెడ సాచాడు.

భవాని పరీక్ష ఫలితాలు చదివినంత గట్టిగా చదివి, తెలుగులో చెప్పింది. “అత్తకి మెడికల్ బోర్డు. వచ్చే నెల పన్నెండున. డ్యూటీకి పనికిరాదని తేలితే, ఆ ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇచ్చే విషయం ఆలోచిస్తారట!”

జగ్గారావు ఒక్క గెంతు గెంతాడు. లోపల పడుకున్న తమ్ముడు దేముణ్ణి మంచంతో సహా కుదిపేశాడు. “ఒరే, లెగు! నీకు రైల్వే ఒచ్చీసిందిరా!”

“ఈ లైన్లో ఇది నాలుగో అన్‌ఫిట్టు,” అంది జోగమ్మ, ఏదో గుడి ప్రతిష్ఠ చూసినంత తృప్తిగా. “మా ఆయనది మొదటిది. నీ కట్టాలు తీరినాయి సిలకమ్మొదినా. ఇక కాలు మీద కాలేసుకుని కూకో.”

దేముడు రసగుల్లాల కోసం గోల్‌బజార్ పరిగెత్తాడు. భవాని కూడా చప్పట్లు కొట్టింది. కొట్టిన చేతులు అలాగే ఉండగా అత్త మొహం చూసింది.

చిలకమ్మ ప్యూను పుస్తకంలో అద్దిన బొటనవేలిని కొంగుతో తుడుచుకుంటోంది. సిరా ఎప్పుడో పోయింది. ఇంకా తుడుస్తూనే ఉంది.

“బోరుడేటి?” అంది. “నానడగనేదు కదా.”

“అడిగినట్టే రాసుంది అత్తా. ‘మీ స్వంత కోరిక మీద, మీరు పెట్టుకున్న దరఖాస్తు ననుసరించి’…” అని భవాని ఆగిపోయింది.

ఆ కాగితం కింద సగంలో దరఖాస్తులోని మాటలే ఎత్తి రాశారు. రెండు మోకాళ్ళ భరించరాని బాధ చేత, ఇక ఎంతమాత్రం సేవ చేయజాలక, సవినయంగా వేడుకొనుచున్నాను. ఆ మాటలు భవానికి తెలుసు. పెళ్ళైన రెండో వారం జగ్గారావు కొత్త సిరాబుడ్డి కొనితెచ్చి, “అమ్మ కట్టం తీరేలాగ మాంచి ఇంగ్లీషులో ఓ కాయితం రాసీ,” అంటే, మురిసిపోయి మూడుసార్లు చిత్తు రాసి దిద్ది మరీ రాసింది. ‘సవినయంగా’ అన్న చోట కలం ఒత్తిపట్టి తీగలు కూడా సాగదీసింది. కింద వేలిముద్ర తను వేయించుకుంటానన్నాడు అతను. వేయించుకున్నాడు. సింహాచలం వెళ్ళడానికి పాసు కాగితమని చెప్పి.

“ఎవులు రాసినారు?” అంది చిలకమ్మ.

“అదికాదమ్మా, నీ మోకాళ్ళు…” అన్నాడు జగ్గారావు.

“మోకాళ్ళు రాయవు కదరా. సేతులు రాత్తాయి. ఎవుల సేతులు?”

“నావే అత్తా,” అంది భవాని.

చిలకమ్మ కోడల్ని ఎగాదిగా చూసింది. “అచ్చరాలు బాగొచ్చినాయా?”

“వచ్చాయి.”

“అయితే మంచిదే.” అని వెనక్కి తిరిగింది. మోకాలి మూటలోంచి ఉప్పు కాస్త జారి గచ్చు మీద పడింది. మేకుకి వేలాడే వెయిటింగ్ రూము తాళాల గుత్తి తీసుకుని, డ్యూటీ అయిపోయిన పూట, బొడ్లో దోపుకుంది. రసగుల్లాలు వచ్చాక మిఠాయి మీద నాకేటి కోపం అని ఒకటి తింది కూడా. తిని, చేయి కడుక్కుంటూ అడిగింది.

“పన్నెండుకి ఎన్ని రోజులున్నాయి?”

భవాని వేళ్ళ మీద లెక్కపెట్టింది. “నలభై ఒకటి.”

“సాలు,” అంది చిలకమ్మ.

*

ఎందుకు చాలో ఆ పూట చిలకమ్మకీ తెలీదు. భవానికి మాత్రం ఆదివారం మధ్యాహ్నం అన్నం క్యారేజీ పట్టుకుని స్టేషనుకి వెళ్ళినప్పుడు ఒక సంగతి తెలిసింది.

ఇంట్లో చిలకమ్మ మాట సగం గోడకి తగిలి రాలిపోయేది. పులుసులో ఉప్పు గురించి ఆమె చెబితే జగ్గారావు “ఊఁ” అని పేపరు తిప్పేవాడు. వెయిటింగ్ రూములో అలా కాదు. నీలం అంచు తెల్లచీర, నడుముకి తాళాలు. మద్రాసు మెయిలు దిగిన ఆడవాళ్ళు ఇరవైమంది ఒక్కసారి తోసుకొస్తే, గుమ్మంలో చెయ్యడ్డం పెట్టి, “టికిట్ దేఖావో దీదీ. థర్డు కిలాసు పక్క హాలు,” అనేది, గదమాయించేది కాదు, తేలిగ్గా అనేది. పట్టుచీరల పెద్దమనుషులు కూడా బుద్ధిగా టికెట్లు తీసేవారు. ఓ మూల బెంగాలీ కొత్త పెళ్ళికూతురొకతె శంఖం గాజులు మొహానికడ్డం పెట్టుకుని ఏడుస్తుంటే, ఏమీ అడక్కుండా వెనక కూర్చుని జడ విప్పి, చిక్కు తీసి మళ్ళీ అల్లింది. జడ పూర్తయ్యేసరికి ఏడుపూ పూర్తయింది. ఆ పిల్ల లేచి అద్దంలో చూసుకుని, “బాః!” అంది.

అప్పుడు నేల తడిగుడ్డ పెట్టే వేళైంది. చిలకమ్మ గొంతుక్కూర్చుని, ఫినాయిలు నీళ్ళలో గుడ్డ ముంచి, వెనక్కి వెనక్కి జరుగుతూ తుడిచింది. బల్ల దాకా వచ్చింది. లేవాలి. బల్లకోడు పట్టుకుంది. లేవలేదు. రెండో చేయి కూడా వేసింది. పళ్ళ సందున గాలి పీల్చింది. బయట ఇంజను ఆవిరి వదిలి, కూత కూసి, కదిలి, ప్లాట్‌ఫాం చివరికి వెళ్ళిపోయేంత సేపు పట్టింది ఆమెకి నిలబడటానికి. నిలబడ్డాక మొదటి పనిగా చుట్టూ చూసింది, ఎవరైనా చూశారా అని. భవాని గభాల్న క్యారేజీ మూతతో పని కల్పించుకుంది.

సోమవారం జగ్గారావు సగం రోజు సెలవు పెట్టి తల్లినీ, పెళ్ళాన్నీ రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. “ఎక్స్‌రే ఫిల్ము ఉంటే బోర్డులో పని సులువు,” అన్నాడు దారంతా. అతని మనసులో చెడు లేదు. తమ్ముడికి ఉద్యోగం, తల్లికి విశ్రాంతి. ఒకే రాయితో రెండు మామిడికాయలు రాలుతుంటే ఏ బుద్ధిమంతుడు విసరడు? అది కాదనలేకే భవానికి అతని మీద కోపం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ముసలి బెంగాలీ డాక్టరు ఫిల్ము వెలుగుకి పెట్టి చూశాడు. “బయస్ హోయేఛే, మా,” అన్నాడు, వయసొచ్చిందమ్మా అని. కీళ్ళ మధ్య గుజ్జు అరిగిందని చెప్పి, మాత్రలకొక చీటీ, వేరే ఇంకో చిన్న చీటీ రాసిచ్చాడు. బయటికొచ్చాక జగ్గారావు మాత్రల చీటీ జేబులో పెట్టుకుని చిన్న చీటీ ఉండచుట్టాడు. “ఇది కసరత్తు గది చీటీ. దీన్నెవులూ అట్టుకెల్లరు.”

ఉండ కిందపడకముందే భవాని అందుకుంది. విప్పబోయి, ఆగి, అత్త వైపు తిరిగింది.

“అత్తా, ఇందులో ఏముందో చదవమంటావా?”

చిలకమ్మ కోడలి దగ్గరికి జరిగింది. “సదువు.”

“కాళ్ళకి కసరత్తు నేర్పమని.”

“ఎవులికి?”

“నీకే.”

“ఓలమ్మ! నాను కుస్తీకెల్తానేటే?” అని చిలకమ్మ నవ్వింది. మొన్నటి నుంచి అదే మొదటి నవ్వు. నవ్వుతూనే, “ఎటేపా గది?” అంది.

కసరత్తు గది వరండా చివర ఉంది. అక్కడుండే ఎలీసమ్మ తెల్లకోటు వేసుకున్న పొట్టి మనిషి, గుంటూరు వైపు నుంచి వచ్చిన కిరస్తానీ ఇంటి పిల్ల. గోడకి కప్పీలు, తాళ్ళు, ఓ మూల పిల్లల సైకిలులాంటిదొకటి. మోకాళ్ళ చీటీ పట్టుకుని ఒక ఆడమనిషి తన గుమ్మంలోకి రావడం చూసి ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

“మింగే మందైతే అందరికీ నమ్మకం,” అంది, చిలకమ్మని ఎత్తు బల్ల మీద కూర్చోబెడుతూ. “కాలెత్తితే తగ్గుద్దంటే నవ్వుతారు. మీరూ నవ్వండమ్మా, నాకు అలవాటే. ఇక్కడ పట్టుకు చూడండి.” చిలకమ్మ చేయి తీసి ఆమె తొడ మీదే పెట్టింది. “మెత్తగా ఉంది కదా? నొప్పని మీరు కాలు దాచుకున్నారు. దాచుకున్న కొద్దీ కండ కరిగింది. కండ కరిగితే బరువంతా కీలు మీదే. ఆ అరిగిన గుజ్జు నేను తేలేను, దేవుడు తేవాలి. కండ మాత్రం మీరు తేవచ్చు.”

“నొప్పి పోద్దా?”

“పూర్తిగా పోతుందని చెప్పను. అబద్ధమాడితే మీరు రెండోసారి రారు. తగ్గుద్ది. మెట్లెక్కుతారు.”

నేర్పింది. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని, దాన్ని అణిచి పదంకెలు లెక్కపెట్టడం. వెల్లకిలా పడుకుని కాలు వంచకుండా పైకెత్తడం. మంచం అంచున కూర్చుని కాలు ముందుకి చాపి, ఆగి, నెమ్మదిగా దించడం. చేతులు ఆనకుండా కుర్చీలోంచి లేవడం. నేల తుడవడానికి గొంతుక్కూర్చోవద్దంది, గుడ్డకి నిలువు కర్ర కట్టించుకోమంది. వారం పోయాక కాలికి బరువు కట్టుకోవాలి. ఇసుకో, రాళ్ళో సంచీలో పోసి.

“చేస్తుంటే కొంచెం నొప్పెడుతుంది. బెదిరిపోవద్దు. కానీ ఆ నొప్పి మర్నాడు పొద్దుటిక్కూడా మిగిలిందా, సంచీలోంచి ఒక రాయి తీసెయ్యండి. మిగల్లేదా, ఒక రాయి వెయ్యండి. అంతే శాస్త్రం.”

చిలకమ్మ బల్ల దిగుతూ అడిగింది. “నలబై రోజుల్లో ఎన్ని రాళ్ళు ఎయ్యచ్చు?”

*

ఆ సాయంత్రం నుంచే చిలకమ్మకి రెండు శిక్షణలు మొదలయ్యాయి.

మొదటిది ఎదురింటి ఎర్రయ్యది. నాలుగేళ్ళ కిందట ఫౌండ్రీలో ఉండగా ‘అన్‌ఫిట్టు’ సాధించి కొడుక్కి ఉద్యోగం ఇప్పించిన ఘనుడు. ఆ తర్వాత ఈ లైన్లో బోర్డుకెళ్ళిన ప్రతివాడూ ఆయన మంచం దగ్గర పాఠం చెప్పించుకున్నవాడే. జగ్గారావు తల్లిని కూర్చోబెడితే ఆయన మంచం మీంచే చెప్పాడు.

“గుమ్మం దాటినప్పట్నుంచీ కుడికాలు ఈడ్సాల. ఓపాలి కుడి, ఓపాలి ఎడం ఈడిస్తే దొరికిపోతావు. కూకోమంటారు. సగానికెల్లి ఆగిపోయి అరవాల. తెలుగులో అరిస్తే ఆల్లకి తెలవదు. ‘ఓ మా గో!’ అనాల. ఏదీ అను?”

“ఓ మా గో,” అంది చిలకమ్మ, బియ్యం ధర అడిగినట్టు.

“నొప్పి నేదందులో!”

“నొప్పుంది. నాటకం నేదు,” అని చిలకమ్మ లేచి ఇంటికొచ్చి, మంచం అంచున కూర్చుని రెండో శిక్షణ మొదలెట్టింది.

అంకెలు లెక్కపెట్టడం ఆమెకి రుచించలేదు. పన్నెండేళ్ళుగా ప్యాసింజరు బండి స్టేషన్లు చెవిన పడి పడి నోటికొచ్చినవే. కాలు ఒకసారి చాపి దించితే ఒక స్టేషను. “బెనాపూర్… నారాయణగఢ్… బఖ్రాబాద్… బెల్దా…” మొదటి రోజు బెల్దాలో దిగిపోయింది. నుదుట చెమట. భవాని గడియారం చూసే గార్డులా ఎదురుగా పీట మీద కూర్చుని, “అత్తా, బండి ఇంకా బెంగాల్ దాటలేదు,” అంటే, “రేపు దాటుతాది, దిగు దిగు,” అంది.

వారానికి జలేశ్వర్ చేరి ఒరిస్సాలో పడింది. ఎనిమిదో రోజు భవాని జగ్గారావు పాత ఖాకీ ప్యాంటు కాలొకటి కత్తిరించి సంచీ కుట్టింది. దేముడు లైను పక్కనుంచి కంకర తెచ్చి, కుళాయి కింద కడిగి, గోల్‌బజార్‌లో తెలిసిన కొట్లో తూయించి మరీ అరకిలో పోశాడు. నేల తుడిచే గుడ్డకి వెదురుకర్ర కట్టింది కూడా వాడే. ఎవరూ చెప్పలేదు. చేసి గోడకి ఆనించి, కేరమ్ ఆడుకోడానికి పోబోతే భవాని పిలిచింది.

“దేముడూ, వర్క్‌షాపు అప్రెంటిసు పరీక్షకి లెక్కలు ఏ తరగతివి వస్తాయి?”

“ఎనిమిదో తరగతివి వదినా. నాకు భిన్నాలంటే బయ్యం.”

“మీ అమ్మకి మెట్లంటే భయం. కూర్చో.”

అత్త కాలెత్తుతుంటే మరిది భిన్నాలు చేసేవాడు. ఒకరు “బాలాసోర్” అంటుంటే ఒకరు “మూడు బై ఎనిమిది” అనేవారు. మధ్యలో భవాని, రెండు వైపులా చూస్తూ, ఇంత చిన్న గదిలో ఇంత సందడి ఎలా పట్టిందా అని లోలోపల గంతులేసేది. జోగమ్మ చేట చెరుగుతూ కిటికీలోంచి చూసి, “మా వొదిన సర్కసులో సేరతాదంట, టిక్కట్లు ఎక్కడిత్తన్నారు?” అనేది. “నీకు థర్డు కిలాసు, ఎనక్కెల్లి కూకో,” అనేది చిలకమ్మ, కాలు దించకుండానే.

జగ్గారావు నవ్వడం మానేశాడు. రోజూ తెచ్చే మల్లెచెండు ఇప్పటికీ తెస్తున్నాడు. భవాని దాన్ని రెండు ముక్కలు చేసి ఒకటి అత్త తల్లో పెట్టేది. అతను తిట్టలేకపోయేవాడు, మెచ్చుకోలేకపోయేవాడు. పదహారో రోజు మాత్రం అతనికి అవకాశం దొరికింది. ఆ పొద్దున చిలకమ్మ ఎడమ మోకాలు బూరెలా పొంగింది. ముందురోజు సాయంత్రం, భవాని పొయ్యి దగ్గరుండగా, పంతంకొద్దీ మూడు రాళ్ళు ఎక్కువ వేసుకుందావిడ.

“సూసినావా?” అన్నాడు పెళ్ళాంతో. “పుస్తకం సదివినట్టు కాదు ఇది. ఆ సంచీ అవతల పారేయ్. అమ్మకి ఏదైనా అయితే ఎవులు జవాబు?”

భవానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన రాత వల్లే ఒకసారి అత్త మెడకి ఉరి పడింది. ఇప్పుడు తన సంచీ వల్ల కాలు పోతుందా? కొంగు చుట్టుకుని రిక్షా కూడా ఎక్కకుండా ఆసుపత్రి కసరత్తు గదికి పరిగెత్తింది. ఎలీసమ్మ విని, “ఎన్ని రాళ్ళు ఎక్కువేసింది?” అని ఒక్కటే అడిగింది.

“మూడు.”

“నాలుగు తీసెయ్యండి. రెండు రోజులు సంచీ వద్దు, తువ్వాలు చుట్టొక్కటే. తర్వాత ఒక్కొక్కటీ వెయ్యండి. తగ్గించొచ్చమ్మా, ఫర్వాలేదు. మానెయ్యడం మాత్రం వద్దు. మానేస్తే ఆ మోకాలు గెలిచినట్టు.”

తిరిగొచ్చేసరికి చిలకమ్మ వాచిన కాలు చాపుకుని కూర్చుని, సంచీ మూతి విప్పి, నాలుగు రాళ్ళు తీసి కిటికీ గట్టు మీద వరసగా పెట్టి ఉంది.

“నీకెవరు చెప్పారు?” అంది భవాని, రొప్పుతూ.

“ఆశకి మూడు ఏసినాను. జరిమానా ఒకటి,” అంది చిలకమ్మ. “ఈ నాలుగూ మల్లీ లోపలికెల్లిందాకా నీ మొగుడితో నాను మాటాడను. నువ్వు మాటాడుకో, కొత్త పెల్లికూతురివి.”

నాలుగూ మళ్ళీ లోపలికి వెళ్ళడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ తర్వాత ఇంకో ఐదు వెళ్ళాయి.

*

నలభయ్యో రోజు సాయంత్రం, అంటే పదకొండో తారీఖున, ఎర్రయ్య ఆఖరి రిహార్సలు పెట్టాడు. జగ్గారావు బతిమాలితే చిలకమ్మ వెళ్ళింది. వెనక భవాని, దేముడు. జోగమ్మ గుమ్మంలో నిలబడింది.

“నడు,” అన్నాడు ఎర్రయ్య.

చిలకమ్మ నడిచింది. వరండా ఈ చివర్నించి ఆ చివరికి. కొంచెం ఒరుగుతూ, కానీ గోడ పట్టుకోకుండా.

“ఇదేటి, పెల్లికెల్తన్నట్టు నడుత్తన్నావు! ఈడ్సు!” 

“ఈడిసీ అలవాటు పోనాది అన్నా.”

“పోనీ కూకో. సగానికి ఆగు. ఆగి అరవాల.”

చిలకమ్మ బల్ల మీద కూర్చుంది. చేతులు గుండెల మీద కట్టుకుని, నడుం ముందుకి వంచి, లేచింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచింది. మోకాలు కటుక్కుమంది, మొహం చిట్లింది, అయినా లేచింది. “బెనాపూర్, నారాయణగఢ్,” అంది ఊపిరి మధ్య.

ఎర్రయ్యకి పాఠం చెడిపోతుంటే ఒళ్ళు మండింది. “అలా కాదు, నాను సూపిత్తాను! నాలుగేళ్ళ కిందట నాను ఎలా సేసినానో సూడు!” అని మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడ్డాడు. సగానికి వంగాడు. “ఓ మా గో!” అన్నాడు. అందరూ నవ్వారు. అచ్చం నిజంలా ఉంది. నవ్వు ఆగింది. ఎర్రయ్య ఇంకా సగంలోనే ఉన్నాడు. పైకి రావడం లేదు, కిందికి వెళ్ళడం లేదు. తొడలు గాల్లో దీపంలా వణుకుతున్నాయి. దేముడు చప్పున వెళ్ళి చంకల కింద చేతులేసి మంచం మీద కూర్చోబెట్టాడు.

నాలుగేళ్ళ కిందట ఆయన ఆడింది నాటకం. నాలుగేళ్ళు మంచం మీద కూర్చునేసరికి ఆ నాటకం నిజమై కూర్చుంది.

ఎర్రయ్య తన మోకాళ్ళని చేత్తో రాసుకుంటూ కాసేపు రోడ్డు మీద పోయే సైకిళ్ళు చూశాడు. తర్వాత భవాని వైపు చూడకుండా అన్నాడు.

“అమ్మా, ఆ సంచీకి నీ మొగుడి పంట్లాం కాలొకటే పట్టిందా? రెండో కాలుందా?”

“ఉంది మావయ్యా.”

“నాకోటి కుట్టీ. ఎన్ని రాళ్ళతో మొదలెట్టాల?”

“మొదటి వారం రాళ్ళు నేవు,” అంది చిలకమ్మ. “తువ్వాలు సుట్ట. నాను నేర్పుతాను. జోగమ్మొదినా, నువ్వు స్టేషన్లు సదువు. నవ్వకుండా సదవాల.”

జోగమ్మ నవ్వలేదు. చేట కింద పెట్టేసి, కొంగుతో ముక్కు తుడుచుకుని, “నాకు బెల్దా దాకానే ఒచ్చు,” అంది.

ఇంటికొచ్చాక జగ్గారావు చాలాసేపు చొక్కా విప్పకుండా నిలబడ్డాడు. చివరికి, “రేపు అక్కడ ఆల్లు పాస్ సేసీసినారనుకో. దేముడి సంగతేటి?” అన్నాడు.

“నాను అప్రెంటిసు పరీచ్చకి కాయితం ఏసీసినాను అన్నయ్యా,” అన్నాడు దేముడు. “పది రోజులైంది. వదినచేత రాయించుకున్నాను. నువ్వు తిడతావని సెప్పలేదు.”

“మరి ఆల్లు ఫెయిల్ సేత్తే?” అన్నాడు జగ్గారావు తల్లితో. గొంతులో ఎదురు తిరగడం లేదు, భయం ఉంది. “ఇంత కట్టపడి, అన్‌ఫిట్టని రాసేత్తే ఏటి సేత్తావమ్మా?”

“ఫెయిలైతే నా మోకాలు ఫెయిలైనట్టు,” అంది చిలకమ్మ. ఆ నాలుగు రాళ్ళూ ఎప్పుడో లోపలికెళ్ళినా, పంతం విడిచి కొడుకుతో అన్న మొదటి మాట అది. “నువ్వు ఫెయిల్ సేసినట్టు కాదు. అది సాలు నాకు. కోడలా, కాయితం కలం తే. ఈపాలి నాను సెప్తాను, నువ్వు రాయి.”

భవాని అదే సిరాబుడ్డి తెచ్చి నేల మీద బాసింపట్టు వేసుకుంది. చిలకమ్మ మంచం అంచున కూర్చుని, కాలికి సంచీ కట్టుకుని, ఒక్కో మాటకీ ఒక్కోసారి కాలు చాపుతూ చెప్పింది.

“అయ్యా, నా పేరు చిలకమ్మ. ఆడోల్ల ఎయిటింగ్ రూము ఆయాని. ముందు కాయితం నానడిగి రాయించింది కాదు. నా కోడలు మంచిదే, ఇంగిలీసు బాగా రాత్తాది, నన్నడగడం మర్సిపోనాది…”

“అదీ రాయాలా అత్తా?”

“రాయి. …నాకు నొప్పి నేదని అబద్దమాడను. నొప్పుంది. నొప్పితోనే డూటీ సేత్తాను. కావాలంటే మెట్లెక్కించి సూడండి. నాకు ఇంకా ఎనిమిదేల్లు సరివీసుంది. ఆ ఎనిమిదేల్లూ నావి.”

భవాని రాసింది. ‘సవినయంగా’ అని ఎక్కడా రాలేదు. కలం అక్కడక్కడ ఆగింది, కళ్ళు తుడుచుకోవడానికి. జగ్గారావు లోపలికెళ్ళి వేలిముద్రల సిరా పెట్టె తెచ్చి, మూత తీసి, రెండు చేతులతో తల్లి ముందు పెట్టాడు.

“ఇప్పుడు కాదు,” అంది చిలకమ్మ. “ముందుపాలి నా ఏలు నువ్వట్టుకెల్లినావు. ఈపాలి నానే అట్టుకెల్తాను. ఆల్లెదురుగా ఏత్తాను.”

అని కాలికి కట్టిన సంచీ విప్పి, అందరి వైపూ ఒకసారి చూసి, రేపటి సంగతి చెప్పింది.

“నాలుగున్నరకి లెగాల. ముందు నా కసరత్తు. భద్రక్ దాకా. రిచ్చా ఒద్దు, ఓవరుబ్రిజ్జి మీద్నుంచి నడిసే ఎల్తాం, ముప్పై రెండు మెట్లు, మజ్జిలో ఓపాలి ఆగుతాను, ఎవులూ సెయ్యట్టుకోకండి. జగ్గా, నువ్వు సెలవెట్టు. ఈ సంచీ నువ్వే మొయ్యాల. కోడలా, నా నీలం అంచు సీర ఇస్త్రీ సేసి పెట్టు. బోరుడయ్యాక ఇంటికి రావడానికి టయం ఉండదు, నాకు రెండింటికి డూటీ ఉంది.”